పిట్ట పోయింది, కందకం మిగిలింది

(చిక్కడపల్లిలో ఊర్ల నుంచి వచ్చిన కార్యకర్తల కూడికలో చేసిన ప్రసంగం)



ఈ హాలుకు వచ్చే తోవలో మీలో చాలామంది అశోక్ నగర్ సందుల్లోంచే వచ్చుంటరు. ఆ సందుల్లో మన పిల్లలే ఎక్కువ. రూముకు నలుగురు, అయిదుగురు. పొద్దున ఇడ్లీ బండి దగ్గర నిలబడి తినుడు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరుకుతదో దొరకదో అని ఉరుకుడు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, ఫారెస్టు బీట్ ఆఫీసర్ - ఏ నోటిఫికేషన్ పడితే దానికి చదువుడు. ఇరవై అయిదేళ్ల కింద మేమూ అదే సందుల్లో, అదే లైబ్రరీలో చదివినం. మా ఇంట్ల అంతకుముందు డిగ్రీ ముఖం చూసినోడు లేడు.

ఆ పిల్లలు బట్టీపట్టే గైడుల్లో ఒక బిట్టు ఉంటది. బట్టమేక పిట్టకు పేరుపొందిన అభయారణ్యం ఏది? జవాబు: రోళ్లపాడు, కర్నూలు జిల్లా. మేము కూడా అదే రాసి మార్కు తెచ్చుకున్నం. ఇప్పుడైతే జిల్లా పేరు మారింది, 2022 నుంచి అది నంద్యాల జిల్లా. జవాబు మాత్రం మారలేదు. మారనిది ఇంకొకటుంది. ఆ బిట్టు పెట్టే పెద్దమనుషులు ఎవరూ రెండో ప్రశ్న అడగరు: ఆ అభయారణ్యంలో ఆ పిట్ట ఏది?

ఈ రోజు మేము ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చినం. "దళితుల సభలో పిట్టల ముచ్చటేంది సార్" అని పొద్దున ఒక తమ్ముడు నవ్విండు. నవ్వనియ్. కారంచేడు 1985, చుండూరు 1991 - ఇవి మనకు నోటికొచ్చిన తారీఖులు. ఈ పిట్ట తారీఖు 1988. ఆ ఏడు రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించిండ్రు. ఇది ఊచకోత కాదు, దీన్ని దానితో పోల్చడం లేదు. కానీ ఊరి చివర భూమిని ఎవరు తీసుకుంటరు, ఎవర్ని బయటికి పంపుతరు, చివరికి తప్పు ఎవరి నెత్తిన పెడతరు అనే లెక్క ఇందులోనూ ఉన్నది. అందుకే చెప్తున్నం.

ముందు ఆ పిట్ట ఏందో చెప్పుకుందాం. గజం ఎత్తు ఉంటది. మగది పది, పన్నెండు కిలోలు తూగుతది. అంత బరువుతో ఎగిరే పక్షులు ప్రపంచంలోనే తక్కువ. చెట్టు మీద గూడు కట్టదు. ఉత్త నేల మీద, గడ్డి పరకల నడుమ, ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతది. మిడతలు, పురుగులు, తొండలు, వేరుశెనగ, జొన్న గింజలు దాని తిండి. దానికి అడవి పనికిరాదు. చుట్టూ దూరం దాకా కనపడే పొట్టి గడ్డి బయలు కావాలె. అంటే మన భాషలో బీడు. రెవెన్యూ కాగితంలో పోరంబోకు, బంజరు. ఎవరికీ అక్కరలేదని రాసిపెట్టిన భూమి. ఆ భూమి మీద బతికేది ఈ పిట్ట, దాని పక్కన గొర్లు మేపుకునేటోడు, కట్టెపుల్లలు ఏరుకునే ఆడామె.

1988కి ముందు రోళ్లపాడు బయలులో ఏ గార్డు లేడు. జీపు లేదు, బోర్డు లేదు. చుట్టూ జొన్న, కొర్ర, వేరుశెనగ చేన్లు. నడుమ గడ్డి. అందులో గొర్లు, మేకలు. అయినా పిట్టలు ఉన్నయి. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు అక్కడికొచ్చి 1980లలో ఏళ్ల తరబడి ఉండి వాటి మీద అధ్యయనం చేసిండ్రు. ఉన్నయి గనకనే చేసిండ్రు. మరి అప్పటిదాకా వాటిని కాపాడింది ఎవరు? ఎవరూ కాపాడలేదు అని కాగితం అంటది. చెడగొట్టకుండా పక్కన బతికిండ్రు అని మేమంటం.

తర్వాత 614 హెక్టార్లు అభయారణ్యం అయింది. అంటే పదిహేను వందల ఎకరాల చిల్లర. లోపల కొంత భాగానికి కందకం తవ్వి, ఆ మట్టితో కట్ట పోసి, పశువులు పోకుండా చేసిండ్రు. మంచి పనే అనుకున్నరు. మొదటి ఏళ్లలో మంచే జరిగిందంటరు కూడా. గుడ్డును తొక్కే పశువు లేదు, అలికిడి లేదు. కానీ ఏండ్లు గడిచే కొద్దీ మేత లేని చోట గడ్డి నడుము ఎత్తు పెరిగింది. పొట్టి గడ్డిలో నాలుగు దిక్కులా చూసుకుంట తిరిగే పిట్టకు అది గోడ లెక్క అయింది. ఒక హద్దులో మేత ఉండాలె, ఒక పద్ధతిలో మేపాలె అని పిట్టల శాస్త్రం చదివినోళ్లే రాసిండ్రు. గొర్రెల కాపరికి ఆ ముచ్చట ఎప్పుడో తెలుసు. ఆయన్ను అడగలేదు.

ఇంకో పక్క కృష్ణజింకలు. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నయి, వందల్లోకి పెరిగినయి. పెరుగుడు మంచిదే గదా అంటరు. పిట్ట కోసం పెట్టిన జాగలో జింక నిండింది. అవి కందకం లోపల ఊకుంటయా? రాత్రికి చేనులో పడతయి. మొలక మీదున్న పంట పొద్దుగాలకు ఉండదు. పెద్ద రైతు కాపలా పెట్టుకుంటడు. ఎకరం, ఎకరంన్నర కౌలుకు చేసినోడు రాత్రంతా డబ్బా కొట్టుకుంట కూచుంటడు. అట్లాంటోడు ఆ జింకను చూసి దండం పెడతడా?

చుట్టూ ఊర్లకు కాలువ నీళ్లొచ్చినయి, పక్కనే అలగనూరు రిజర్వాయరు కట్టిండ్రు. జొన్న, కొర్ర పోయినయి. పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు వచ్చినయి. పత్తికి మందు కొట్టాలె, మందుకు మిడత చస్తది. మిడత లేని చేనులో బట్టమేకకు ఏం పని? మేము కాలువకు వ్యతిరేకం కాదు. మన తాతలు చుక్క నీటికోసం ఎంత గోసపడ్డరో మీకు చెప్పాల్నా. కానీ పిట్ట పదిహేను వందల ఎకరాల్లోనే బతకదు, అది చుట్టూ పది, ఇరవై ఊర్ల చేన్లల్ల తిరిగే జీవి. కందకం లోపల ఒక లెక్క, బయట ఇంకో లెక్క అయితే పిట్టకు రెండూ చాలవు. ఇది ప్లాన్ రాసినోళ్లకు తెలవని సంగతి కాదు. ఫారెస్టు వాళ్లది ఒక ఫైలు, వ్యవసాయం వాళ్లది ఒక ఫైలు, ఇరిగేషన్ వాళ్లది ఒక ఫైలు. ఆ మూడు ఫైళ్లు ఒక్క బల్ల మీదికి రాలేదు.

మేము ఒకసారి అక్కడికి పోయినం. బోర్డు మీద పిట్ట బొమ్మ బాగుంది. లోపల జింకలు గుంపుగా ఉరికినయి, చూడముచ్చటగా ఉన్నది. బయట గొర్రెలు మేపుతున్న ముసలాయనను అడిగినం. "మా చిన్నప్పుడు గొర్ల మధ్యలోనే నడిచేటివి సార్. మమ్మల్ని చూసి భయపడేటివి గాదు. కొత్తోళ్లొస్తే లేసిపోయేటివి" అన్నడు. ఇప్పుడో అని అడిగితే చెయ్యి ఆకాశం దిక్కు చూపెట్టి ఊకున్నడు. గుంపులు ఎప్పుడో పోయినయి. ఇప్పుడు ఆ పిట్టలు దేశం మొత్తం మీద 150కి లోపే, అందులో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో. వాటికి అక్కడ కరెంటు తీగెలు ఉరితాళ్లయినయి. సుప్రీంకోర్టు 2021లో తీగెలు భూమి లోపలికి దింపమన్నది, 2024లో ఆ ఆర్డరును సడలించి కమిటీ వేసింది. ఆ కథ వేరే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. మనోళ్లు వేటాడలేదా? వేటాడిండ్రు. ఆకలైనోడు ఉడుమును పట్టిండు, కౌజును పట్టిండు. మంద కుక్కలు గుడ్లు తింటయి, అదీ నిజమే. ఎక్కడపడితే అక్కడ ఎన్ని పశువులైనా మేపొచ్చని మేము చెప్పం. కానీ తుపాకులు పట్టుకొని జీపుల్లో తిరిగిన నవాబులు, దొరలు, తెల్ల అధికారులు ఎన్ని పులుల మీద కాలు పెట్టి ఫోటోలు దిగిండ్రో వాళ్ల గోడల మీదనే ఉన్నయి. వాళ్ల మనవలు ఇయ్యాల అడవి ప్రేమికులు. ఉడుమును పట్టినోడి మనవడు మాత్రం ఇంకా దొంగనే.

రోళ్లపాడు ఒక్కటే ఇట్లయింది అనుకోకండి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ ఉన్నది. పక్షులకు ప్రపంచంలోనే పేరున్న చోటు. 1982లో అక్కడ బర్రెలు మేపుడు బంద్ పెట్టిండ్రు. తరతరాలుగా మేపుకుంటున్న ఊర్లోళ్లు ఎదురు తిరిగిండ్రు. పోలీసులు కాల్పులు జరిపిండ్రు, మనుషులు చచ్చిపోయిండ్రు. ఆ తర్వాత అదే బొంబాయి సొసైటీ వాళ్లు పదేళ్లు లెక్కలు తీసి ఏం తేల్చిండ్రు? బర్రెలు మేసినప్పుడు నీళ్లల్ల గడ్డి అదుపులో ఉండేది, బర్రెలు పోయినంక గడ్డి పెరిగి మడుగులు పూడిపోతున్నయి, పక్షులకే నష్టం అని. సైన్సు తన తప్పు తాను దిద్దుకున్నది. అది దాని గొప్పతనమే, కాదనం. చచ్చిపోయినోళ్లు మాత్రం తిరిగి రాలేదు. పిట్ట కోసం మనిషిని చంపి, పదేళ్లకు మనిషి ఉంటేనే పిట్ట ఉంటది అని రాసుకున్నరు.

ఇప్పుడు మన నగరానికి వద్దాం.

నెహ్రూ జూ పార్కు అభయారణ్యం కాదు, జంతుశాల. అయినా ముచ్చట ఒక్కటే. 1963లో తెరిచిండ్రు, 380 ఎకరాలు. మేము ప్రతి ఏడూ బడి పిల్లల్ని తీసుకపోతం. 2000 సంవత్సరం అక్టోబరులో, ఆ జూలో సఖి అనే ఆడపులి పిల్లను బోనులోనే చంపి తోలు ఒలిచిండ్రు. అడవిలో కాదు. తాళం వేసిన జాగలో, గోడలున్న జాగలో, జీతాలు తీసుకునే డిపార్టుమెంటు నడుమ. దానికి మూడు నెలల ముందే, జూలైలో, ఒడిశా నందన్‌కానన్ జూలో పన్నెండు పులులు రోజుల వ్యవధిలో జబ్బుతో చచ్చిపోయినయి. దేశమంతా అట్టుడికింది. ఉడకాల్సిందే.

మేము అప్పుడు అశోక్ నగర్‌లో రూములో ఉండి డీఎస్సీకి చదువుతున్నం. సఖి వార్త పేపర్లో వచ్చిన పొద్దు చాయ్ బండి దగ్గర అందరూ అదే ముచ్చట. మా ఇంటి ఓనరు అక్కడే ఉన్నడు. చదువుకున్న మనిషే. పేపరు మడిచి అన్నడు: "ఇది మామూలోడి పని కాదయ్యా. తోలు ఒలిచే చెయ్యి తెలిసినోడే చేసుంటడు." అని మా దిక్కు చూసిండు. చూసి నవ్విండు. మా కులం ఏందో అప్పటికి ఆయనకు తెలుసు, రూము ఇచ్చేటప్పుడే తిప్పి తిప్పి అడిగి తెలుసుకున్నడు. మేం ముగ్గురం ఉన్నం, ముగ్గురం చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చేసినం. ఒక్కడం కూడా మాట్లాడలేదు. ఇరవై అయిదేళ్లయింది. ఆయనకు ఏం జవాబు చెప్పాల్నో అప్పటినుంచి ఆలోచిస్తనే ఉన్నం.

చెప్పాల్సింది ఇదీ. మా నాయన తోలు ఒలిచేటోడు, నిజమే. ఊర్లో పశువు చస్తే కబురొచ్చేది. ఈడ్చుకపోవాలె, ఒలవాలె, అది వెట్టి. ఒలిచిన తోలుతో దొరకు చెప్పులు, మోటకు తొండం, డప్పుకు మూత. మా నాయన ఏనాడూ బతికున్న జీవం మీద కత్తి పెట్టి తోలు తీయలేదు. చచ్చిన పశువును కోసి, కార్జం చూసి, పేగు చూసి ఇది జలగ జబ్బు, ఇది గొంతువాపు, మిగిలిన పశువులను వేరే కొట్టంలో కట్టుండ్రి అని చెప్పేటోడు. ఏ కాలేజీలో చదివిండు? పశువు చచ్చినంక దాని కడుపులోపల ఏమున్నదో ఈ దేశంలో వేల ఏళ్లు కళ్లతో చూసిన మనిషి ఆయన ఒక్కడే. ఆ విద్యను అంటు అన్నరు. పులి తోలు పోయిన్నాడు మాత్రం ఆ విద్య సాక్ష్యం అయింది.

పులి తోలు ఒలిచినోడు ఎవరైనా గానీ, ఆ తోలు ఎవరి ఇంట్లకు పోతది? మాదిగ వాడకు పోతదా? గుడిసెలో పులితోలు పరుచుకొని పండుకున్నోణ్ని మీరెవరైనా చూసిండ్రా? కొనేటోడు లేకుంటే కోసేటోడు లేడు. కొనేటోడికి కోటలున్నయి, దేశాలున్నయి. కోసినోడు దొరుకుతడు, కొనేటోడి పేరు పేపర్లో రాదు.

ఇదే దగ్గర ఇంకో ముచ్చట, ఆపుకోలేక చెప్తున్నం. జూలో పులికి, సింహానికి ఏం పెడతరు? పప్పు పెడతరా? పెద్దకూరే పెడతరు. సర్కారే పెడతది. పెట్టాల్సిందే, అది దాని తిండి. 2020లో గౌహతి జూ ముందర కొందరు రోడ్డు బంద్ చేసి పులులకు పెద్దకూర పెట్టొద్దని గొడవ చేసిండ్రు. పులి వాళ్ల మాట వినలేదు. 2012లో ఉస్మానియాలో మన పిల్లలు అదే కూర వండుకుంటే ఎంత లొల్లి అయిందో మీకు ఎరుకే.

మరి జంతువును చూసుకునే కింది మనిషి సంగతి ఏంది? అభయారణ్యం అంటే డీఎఫ్‌వో కనపడతడు, బోర్డు కనపడతది. వాచర్ కనపడడు. ఒక అభయారణ్యంలో, పేరు చెప్తే ఆ మనిషి పని పోతది గనక చెప్పం, వాచర్‌గా ఉన్న మా ఊరి దిక్కు పిల్లగాడు పండుగకు వచ్చిండు. ఏం తమ్మీ ఎట్లున్నవ్ అంటే, "సార్, జింకలకు నీళ్ల తొట్టి నింపాలె. ట్యాంకరు రాలేదు. నేను సైకిల్ మీద రెండు బిందెలు మోసిన. జీతం నాలుగు నెలలాయె. పెద్దసారు వచ్చి తొట్టి ఎందుకు ఎండిందని నన్నే తిట్టిండు" అన్నడు. ఎండాకాలం జింక నీళ్లు లేక చచ్చిపోతే నిర్లక్ష్యం ఎవరిది? రికార్డులో ఆ పిల్లగాడిది. ట్యాంకరు బిల్లు ఎవరు ఎత్తిండ్రో రికార్డులో ఉండదు. అతనికి గుర్తింపు కార్డు లేదు, ఇన్సూరెన్సు లేదు, పాము కరిస్తే మందు లేదు. అవుట్‌సోర్సింగ్ అని ఒక పేరు పెట్టిండ్రు. మా నాయన కాలంలో దాన్ని జీతం ఉండుడు అనేటోళ్లు.

జంతువు ఎండిన తొట్టి దగ్గర నిలబడితే, దాని పక్కన జీతం రాని మనిషి నిలబడి ఉంటడు. ఈ రెండు ఫిర్యాదులు వేర్వేరుగా రాయొద్దు అన్నదే మేము చెప్పదలుచుకున్న మాట. జంతు ప్రేమికులు మొదటిది రాస్తరు, యూనియనోళ్లు రెండోది రాస్తరు. ఒక్క కాగితం మీద రెండూ రాసినోణ్ని మేమింకా చూడలేదు.

ఇక్కడికి దగ్గరలోనే నారాయణగూడ ఉన్నది. అక్కడ పెద్ద పశువుల దవాఖాన ఉన్నది, సూపర్ స్పెషాలిటీ అంటరు. కారుల్లో కుక్కల్ని తెస్తరు. తేవాలె, మూగజీవి, మేము తప్పు పట్టం. ఆ నారాయణగూడలోనే ఐపీఎం ఉన్నది, కుక్క కరిస్తే సూదేసే చోటు. మా ఊరి నుంచి ఒక పిల్లను ఎత్తుకొని వచ్చినం ఒకసారి. మా దిక్కు దవాఖానలో సూది లేదన్నరు, బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చినం. ఇక్కడ వేసిండ్రు, పిల్ల బతికింది, మంచిగ చదువుకుంటున్నది. కుక్కకు వైద్యం, కుక్క కరిచిన పిల్లకు వైద్యం, రెండూ నారాయణగూడలోనే. మా ఊర్లో రెండూ లేవు. మేకలకు పారుడు రోగం వస్తే మందమంతా రాలిపోతది, డాక్టరు వారానికి ఒకసారి వస్తే గొప్ప. అడవికి ఆనుకున్న ఊర్లో అయితే ఆ రోగం మేకతో ఆగదు, అడవి జీవాలకు కూడా పాకుతది.

ఇది మేము కల్పించి చెప్పే ముచ్చట కాదు, చట్టంలోనే ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 33-ఎ సెక్షను. అభయారణ్యంలోనూ, దానికి అయిదు కిలోమీటర్ల లోపల ఉన్న ఊర్లలోనూ పశువులకు అంటురోగాల టీకాలు వేయించే బాధ్యత చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. 1991 సవరణలో పెట్టిండ్రు. మీలో అడవి పక్క ఊర్లోళ్లు ఉన్నరు, చేతులెత్తండి. ఈ సెక్షను కింద మా ఊర్లో టీకాలు వేసిండ్రు అనేటోళ్లు చేతులు ఎత్తే ఉంచండి. చూసిండ్రా.

ఇంకో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, అభయారణ్యం వేరు, నేషనల్ పార్కు వేరు. నేషనల్ పార్కులో పశువులు మేపకూడదు, చట్టమే వద్దన్నది. అభయారణ్యంలో అట్ల లేదు. వార్డెన్ 33వ సెక్షను కింద మేతను నియంత్రించొచ్చు, ఒక పద్ధతి పెట్టొచ్చు. పద్ధతి ప్రకారం మేపితే నేరం కాదని 29వ సెక్షను కిందనే వివరణ ఉన్నది. గార్డు వచ్చి మేకను పట్టుకుపోతే, ఏ ఆర్డరు ప్రకారం అని అడగండి. ఆర్డరు కాపీ అడగండి. చాలా చోట్ల ఆర్డరు ఉండదు, లాఠీ ఉంటది.

రెండోది, అభయారణ్యం ప్రకటించే ముందు అక్కడున్నోళ్ల హక్కులేందో కలెక్టరు విచారణ చెయ్యాలె. 21వ సెక్షను ప్రకారం ఆ చుట్టుపక్కల ప్రతి ఊర్లో ప్రాంతీయ భాషలో, అంటే తెలుగులో, ప్రకటన వెయ్యాలె. మీ ఊర్లో ఎన్నడన్నా డప్పు వేయించిండ్రా? డప్పు కొట్టాల్సినోడు మన వాడలోనే ఉంటడు, ఆయన్నే అడిగితే తెలుస్తది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినంక గ్రామసభ అనుమతి లేకుండా పులుల పేరు మీద ఊరు లేపరాదు. ఆసిఫాబాద్‌లో 2025 మే నెలాఖరున 49వ నంబరు జీవో వచ్చింది, కొమురం భీం పేరు మీదనే పులుల కారిడారు. ఆదివాసులు రోడ్డెక్కిండ్రు. జూలైలో సర్కారు దాన్ని పక్కన పెట్టింది. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి పేరు పెట్టి ఆయన మనుషుల్నే కదిలించబోయిండ్రు. ఆ పేరు పెట్టినోడి తెలివికి దండం.

మూడోది, ఇది చాలామందికి తెలవదు. 33-బి. 2002 సవరణ. ప్రతి అభయారణ్యానికి ఒక సలహా కమిటీ ఉండాలె. అందులో ఆ ప్రాంతం ఎమ్మెల్యే, పంచాయతీ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, ఇంకా జంతువుల సంగతి తెలిసినోళ్లు. చుట్టుపక్కల ఊర్లోళ్లను కలుపుకొని అభయారణ్యం ఎట్ల నడపాలెనో చెప్పడం ఆ కమిటీ పని. మీ దగ్గర ఆ కమిటీ ఉన్నదా? ఉంటే ఎవరున్నరు? ఎప్పుడు కూచున్నరు? పంచాయతీ ముగ్గురిలో మన సర్పంచులు, మన వార్డు మెంబర్లు ఎంతమంది? పిట్టకు ఎంత ఎత్తు గడ్డి కావాల్నో తెలిసిన గొర్ల కాపరి ఆ బల్ల దగ్గర ఎందుకు లేడు?

కంచ గచ్చిబౌలి గురించి చెప్పకుండా దిగిపోతే యూనివర్సిటీ పిల్లలు మమ్మల్ని ఊకోరు. 2025 మార్చి చివర, పండుగ సెలవులు చూసుకొని, 400 ఎకరాల్లోకి రాత్రీ పగలూ బుల్‌డోజర్లు తోలిండ్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనకు తానే పట్టించుకొని ఆపింది. జింకలు దిక్కుతోచక క్యాంపస్‌లోకి వచ్చినయి. నెమళ్ల అరుపులు ఫోన్లలో దేశమంతా విన్నది. అడ్డం పోయిన పిల్లల మీద కేసులు పెట్టిండ్రు. "అక్కడ జింకలే లేవు, అది అడవే కాదు" అని వాదించినోళ్లు ఉన్నరు. కంచ అంటే ఏందో తెలుగు బడి పంతుళ్లుగా చెప్తున్నం. కంచ అంటే పశువులు మేసే బీడు. ఆ పేరులోనే అక్కడ ఎవరు బతికిండ్రో ఉన్నది. ఊర్లో మేక మేస్తే వన్యప్రాణి చట్టం గుర్తొస్తది, నగరంలో ఎకరం కోట్లకు అమ్ముడుపోయే కాడ మాత్రం జింక కంటికి ఆనదు. రోళ్లపాడు బీడు, గచ్చిబౌలి కంచ రెండూ ఒక్కటే రకం భూమి. ఒకటి రక్షణ పేరుతో పోయింది, ఇంకోటి అభివృద్ధి పేరుతో పోవాల్సింది, పిల్లలు అడ్డం పడితే నిలబడ్డది.

అంబేడ్కర్ 1927లో మహాడ్ చెరువుకు ఎందుకు నడిచిండో మనకు తెలుసు. ఆ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనం తాగరాదు. అప్పుడు మనం పశువు నీళ్లు ఆపమని అడగలేదు. మాకూ నీళ్లు అన్నం. ఇప్పుడు కూడా జింక తొట్టి ఎండబెట్టుమని మేము అడగం. తొట్టి నిండాలె, నింపినోడికి జీతం రావాలె, జింక తిన్న పంటకు పైసలు రావాలె, అవి అర్జీ పెట్టిన రైతుకే కాదు, పట్టా లేని కౌలు మనిషికి రావాలె. మూడూ ఒక్క కాగితంలో.

ఆ కాగితం తయారు చేసినం. వెనక బల్ల మీద ఉన్నది. సమాచార హక్కు చట్టం కింద ఫారెస్టు ఆఫీసుకు ఇచ్చే అర్జీ, పది రూపాయలు ఫీజు, తెల్ల రేషన్ కార్డు చూపితే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలె. అయిదు ప్రశ్నలు పెట్టినం: మేనేజ్‌మెంటు ప్లాను కాపీ, 33-బి కమిటీ పేర్లు, 33-ఎ కింద ఏ ఊర్లో ఎన్నడు టీకాలు వేసిండ్రు, గత మూడేళ్లలో చనిపోయిన జంతువుల పోస్టుమార్టం రిపోర్టులు, వాచర్ల జీతాల రిజిస్టరు. అభయారణ్యం పేరు దగ్గర ఖాళీ వదిలినం, మీ మీ పేర్లు రాసుకోండి. సంతకం రానోళ్లు వేలిముద్ర వెయ్యొచ్చు. రాసిపెట్టడానికి అశోక్ నగర్ రూముల నుంచి నలుగురు పిల్లలు పెన్నులు పట్టుకొని కూచున్నరు. అందులో ఇద్దరు బీట్ ఆఫీసర్ పరీక్షకే చదువుతున్నరు. చాయ్ వచ్చింది, తాగుకుంట రాయించుకోండి. జై భీమ్.